సగంలో ఆగిన మొక్కు

జ్వాలాముఖి అంటే ఎవరో అమ్మవారనుకుంది దాలమ్మ. అందులో ఆమె తప్పేమీ లేదు. జంషెడ్‌పూర్ సీతారాండేరాలో వాళ్ళుండే ఫౌండ్రీ లైన్లో ఎదురింటి బిహారీ ముసలమ్మ రోజూ పొద్దున్నే తులసికోటలో నీళ్ళు పోస్తూ కాళీమాయిని, శీతలామాయిని, జ్వాలామాయిని ఒకే గుక్కలో పిలుస్తుంది. అంచేత కూతురు పద్మకుమారి గంతులేసుకుంటూ వచ్చి, "మా, మామా హమ్‌కో జ్వాలాముఖి దిఖాయేంగే" అని, మామయ్య మనకి జ్వాలాముఖిని చూపిస్తాడని చెప్పేసరికి, నడిసముద్రంలో వెలసిన తల్లి ఎంత మహిమ గలదో అనుకుని దాలమ్మ లెంపలు వేసుకుంది.

అంతవరకు ఆమె ఆ ప్రయాణానికి ససేమిరా అంటూనే ఉంది. అన్న తవిటయ్య పోర్టుబ్లేర్‌లో సర్కారు లాంచీ నడిపే సారంగు. అటునుంచి వచ్చిన మనిషి చేత ఓడ టిక్కెట్లు పంపి, పిల్లల్ని తీసుకుని రండి, దీవులన్నీ తిప్పి చూపిస్తానని కబురు చేశాడు. ఫౌండ్రీలో ఇనుము కరిగించే నిలువు కొలిమికి, వాళ్ళు కుపోలా అంటారు, లోపలి ఇటుక మారుస్తున్నారు. ఆ పని అయ్యేదాకా దాలమ్మ మొగుడు అసిరయ్యకి సెలవే. అన్నీ కలిసొచ్చాయి, దాలమ్మ గుండె తప్ప. నాలుగు పక్కలా నీళ్ళే కనిపించే చోటికి, వెనకటికి ఖైదీల్ని పంపితే తిరిగిరాని చోటికి షికారేమిటని ఆమె గోల. కోరి కొరివితో తల గోక్కోవడమని నాలుగిళ్ళకీ చెప్పుకుంది. ఇప్పుడు అమ్మవారి పేరు వినగానే గోల మానేసి, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ మూటగట్టింది. ఆ తల్లిని అడగవలసింది ఆమెకి ఒకటుంది.

అసిరయ్య వాకిట్లో కూర్చుని బూటు అడుక్కి లారీ టైరు ముక్క మేకులతో కొట్టుకుంటున్నాడు. అతని ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. మేకు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి, రెండు దెబ్బల్లో దించుతున్నాడు.

"సేటు మాట మరిసిపోకయ్యా," అంది దాలమ్మ. "మళ్ళీ కొలిమి ఎలిగించే నాటికి గుంటణ్ణి తీసుకురమ్మన్నాడు."

"చూద్దారి."

"ఏడాది బట్టీ అదే మాట. నువ్వు దిగితే గాని ఆడికి సోటు నేదంటే, నువ్వు దిగవేటి?"

అసిరయ్య నోట్లో మేకులున్నాయి కాబట్టి మాట్లాడలేదు. మేకులు లేకపోయినా మాట్లాడేవాడు కాదు. ఫౌండ్రీ యజమాని సేటు చెప్పింది తేలిక మాటే. కుపోలా దగ్గర ఒక మనిషికే జాగా ఉంది. అసిరయ్య మానుకుంటే ఆ జాగా కొడుకుది. ఇద్దరికీ కాదు. ఇద్దరూ వద్దంటే ఫౌండ్రీ వాళ్ళ గది ఖాళీ చేయాలి. కొడుకు ఆదిబాబు బిష్టుపూర్‌లో రేడియోలు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకుంటున్నాడు. ఇంకా జీతం లేదు, టీ ఇస్తారు. మొగుడు కూర్చున్న పీట దిగడానికి మనసొప్పక కొడుకు నోటికాడ కూడు ఆపుతున్నాడని దాలమ్మ నమ్మకం.

"దేముడైనా ఉంటే నీకు బుద్ధి సెప్పును," అంది ఆమె. దేముడు అసిరయ్య దగ్గర పనిచేసిన కుర్రాడు. బరంపురం అవతలివాడు. బిర్సానగర్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు గాని, ఆదివారం కూడు మాత్రం దాలమ్మ ఇంట్లోనే. కిందటేడు వానాకాలంలో చెప్పాపెట్టకుండా దేశం వెళ్ళిపోయాడని అసిరయ్యే చెప్పాడు. అక్కడి మనవాళ్ళకి దేశమంటే సొంతూరు. తిన్న కంచం ముందు నిలబడి వెళ్ళొస్తానని ఒక్కమాట అనలేదని దాలమ్మకి ఇప్పటికీ కోపం.

అసిరయ్య చేతిలో సుత్తి ఆగింది. మళ్ళీ కొట్టాడు. మేకు వంగిపోయింది.

ఓడలో దాలమ్మ పడ్డ భయం ఇంతా అంతా కాదు. కింద గదిలో పడుకుంటే నీరు లోపలికి వచ్చేస్తున్నట్టు, పైకి వస్తే ఓడ ఆకాశంలోకి లేచిపోతున్నట్టు ఉండేది. బిష్టుపూర్‌లో కొన్న వాంతుల మాత్రలు మింగిన వెంటనే పైకి వచ్చేవి. రేకు పెట్టె గొలుసు చేతికి చుట్టుకుని, మునిగితే పెట్టైనా తేలుతుందేమోనని దాన్నే పట్టుకుని కూర్చుంది. పద్మకుమారి రెయిలింగు పట్టుకుని ఎగిరే చేపలు చూస్తూ ఉంటే, దాని గౌను కుచ్చు రెండో చేత్తో పట్టుకునేది. అసిరయ్య మాత్రం తిన్నాడు, బీడీ కాల్చాడు, పడుకున్నాడు. ఓడ పక్కకి ఒరిగి గిన్నెలన్నీ దొర్లిపోయినప్పుడు కూడా అతను నిద్రలోనే సర్దుకుని అటుతిరిగాడు. ఈ మనిషికి భయమన్నది పెట్టకుండా పుట్టించాడు దేవుడు అనుకుంది దాలమ్మ. అలా అనుకోవడంలో కొంచెం కసి, కొంచెం ధైర్యం కూడా ఉన్నాయి.

తవిటయ్య రేవులోనే ఎదురొచ్చాడు. చెల్లెలి మొహం చూసి నవ్వాడు. రెండ్రోజులు ఇంట్లో ఉంచి కొబ్బరి వేసిన చేపల కూర తినిపించి, మూడో నాడు లాంచీ ఎక్కించాడు. ఆఫీసు వాళ్ళ కుటుంబాలు మరో రెండు వచ్చాయి. తెల్లవారేసరికి సముద్రం మధ్య నల్లటి కొండొకటి కనిపించింది. నెత్తిన సన్నటి పొగ.

"అదే జ్వాలాముఖి టాపు," అన్నాడు తవిటయ్య. టాపు అంటే అక్కడివాళ్ళకి దీవి.

"గుడేది?"

"గుడేటి సెల్లీ. కొండే జ్వాలాముఖి. లోపల నిప్పు. మా తాతల నాడు పేలిందట."

దాలమ్మకి ఒక్క నిమిషం అర్థం కాలేదు. పద్మకుమారి పకపకా నవ్వింది. "మా నే దేవీ సమ్‌ఝా," అని, అమ్మ దేవతనుకుందంటూ అన్నకి చెప్పింది. ఆదిబాబు నవ్వలేదు గాని, మొహం అటు తిప్పుకున్నాడు. దాలమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆపైన ఒళ్ళంతా చెమట పట్టింది. గుడి లేదు, పూజారి లేడు, కడుపులో నిప్పు పెట్టుకున్న కొండ ఒకటుంది, దానిమీదికి పిల్లల్తో దిగాలి. తను దిగనంది. అన్న వినలేదు. చిన్న పడవలోకి ఆమెని ఇద్దరు పట్టుకుని దించాల్సి వచ్చింది.

ఒడ్డంతా నల్లటి ఇసుక, గరుకు రాళ్ళు. నాలుగు మేకలు ఎక్కడినుంచో వచ్చి వాళ్ళని చూసి, మేత మానేసి నిలబడ్డాయి. ఎప్పుడో ఏ ఓడవాళ్ళో వదిలితే పెరిగిన మేకలట. మేక బతికే చోట మనిషి బతకడా అని దాలమ్మ కొంచెం గుండె చిక్కబట్టుకుంది. కాని నాలుగడుగులు వేశాక చెప్పుల్లోంచి వేడి తెలిసింది. రాళ్ళ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. ఆ వాసన ముక్కుకి తగలగానే ఆమె ఆగిపోయింది. కుళ్ళిన గుడ్డు, కాలిన అగ్గిపుల్ల కలిసిన వాసన. అది ఆమెకి కొత్తది కాదు. రోజూ కుళాయి దగ్గర మొగుడి చొక్కా తడిపినప్పుడు వచ్చే వాసనే.

అసిరయ్య వంగి ఒక రాయి తీసి బరువు చూశాడు. "ఇదంతా స్లాగే," అన్నాడు. కొలిమిలోంచి ఇనుముతో పాటు వచ్చే చిట్టెం. లాంచీ దిగినప్పటినుంచీ అతను అందరిలా నడవడం లేదని దాలమ్మ అప్పుడు గమనించింది. ఎడమకాలు వెనక్కి వేసి, పక్కవాటుగా, గాలి వీపుకి తగిలేలా నిలబడుతున్నాడు. రెండడుగులకోసారి నేలవైపు చూస్తున్నాడు. ఆదిబాబు ముందుకి పోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు.

"ఛోడియే న బాబూ," అని, తనని వదలమని తండ్రి మీద విసుక్కున్నాడు కొడుకు.

కొండ అడుగున ఒకచోట రాళ్ళలోంచి వేడినీళ్ళు పొగలు కక్కుతూ వచ్చి సముద్రంలో కలుస్తున్నాయి. లాంచీ వంటవాడు తువ్వాల్లో కోడిగుడ్లు కట్టి అందులో వేలాడదీశాడు. ఆఫీసు వాళ్ళ పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు. ఆదిబాబు కూడా అటే వెళ్ళాడు.

దాలమ్మ వాళ్ళకి ఎగువన ఒక రాయికి పసుపు రాసి బొట్టు పెట్టింది. గుడి లేకపోతే మానె. ఇంత నిప్పు కడుపులో దాచుకుని ఊరుకుందంటే ఆమె అమ్మ కాకుండా ఎలా ఉంటుంది? కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని, పైకే మొక్కింది. "తల్లీ, నా మొగుడి మనసు మార్సు. నా కొడుకుని ఆయన జాగాలో నిలబెట్టు. ఆ కొలిమి కాడ నా కొడుకు..."

అప్పుడే ఒక పెద్ద కెరటం వచ్చి వేడి రాళ్ళమీద పడింది. బుస్సుమని తెల్లటి ఆవిరి మనిషెత్తున లేచింది.

"పానీ! పానీ! భాగో!"

నీళ్ళు, పరుగెత్తండి అన్న ఆ కేక అసిరయ్యదని దాలమ్మకి మొదట తెలియలేదు. ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. అతను రాళ్ళమీంచి దూకి, కొడుకుని మెడ పట్టి బోర్లా పడేసి, వాడిమీద పడి, ముంజేత్తో వాడి తల కప్పేశాడు. గుడ్ల దగ్గరి పిల్లలు చెల్లాచెదురై పరుగెత్తారు. ఒక ఆఫీసరు భార్య చెప్పు తెగి కూలబడింది. దాలమ్మ చేతిలో కర్పూరపు పళ్ళెం ఎటు పోయిందో, ఆమె పద్మకుమారిని కరిచి పట్టుకుని కొండ ఎప్పుడు పేలుతుందా అని చూసింది.

కొండ పేలలేదు. ఆవిరి గాలికి పోయింది. ఇంకో కెరటం వచ్చింది, మళ్ళీ బుస్సుమంది, పోయింది. వంటవాడు తువ్వాలు పైకి తీసి గుడ్లు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాడు. తన తండ్రి నాటినుంచీ ఇక్కడ నీళ్ళు ఇలాగే మరుగుతున్నాయట. అందరూ నవ్వారు. కూలబడ్డ ఆవిడ మాత్రం, ఎవడీ పిచ్చివాడని గట్టిగానే అంది.

అసిరయ్య లేవలేదు. "ఉఠియే బాబూ, కుఛ్ నహీ హువా," అని, ఏమీ కాలేదు లేవమని కిందనుంచి ఆదిబాబు అంటున్నాడు. దాలమ్మ వెళ్ళి మొగుడి భుజం పట్టుకుంది. ఎండలో, ఆ వేడి నేలమీద, అతని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కొడుకు కాలరు పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటిగా ఆమే విప్పాల్సి వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి వణకడం ఆమె చూడలేదు. సముద్రమంటే, కొండంటే తను పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ వేళ్ళు విప్పుతున్నప్పుడు పుట్టిన భయం ఒక ఎత్తు. పైట చెంగు తీసి అతని మొహం తుడిచింది. తుడవడానికి కాదు, నవ్వేవాళ్ళకి ఆ మొహం కనబడకుండా.

తిరుగు లాంచీలో అసిరయ్య వెనక భాగాన తాళ్ళచుట్ట మీద కూర్చున్నాడు. దాలమ్మ పక్కన కూర్చుంది. పిల్లలు మేనమామ దగ్గర ఉన్నారు.

"దేముడు దేశం ఎల్లనేదే," అన్నాడు అసిరయ్య.

దాలమ్మ అతని వైపు తిరిగింది.

"సాయంత్రం పనయ్యాక కుపోలా అడుగు తలుపు తీసేత్తాం. లోన మిగిలిన నిప్పూ ఇనుమూ కిందకి జారిపోద్ది. కింద ఇసక పొడిగా ఉండాల. చెంబుడు నీళ్ళున్నా బాంబే. పైన రేకు కారుతోంది, మార్పించు సేటూ అని రెండు వానాకాలాలు అడిగినాం. ఆయేళ ఇసక పైకి పొడిగానే ఉంది. అడుగున తడి. దేముడు తలుపు గడ లాగినాడు."

"మరి..."

"నాను 'పానీ' అని అరిసీసరికే పేలి, ఆడు అయిపోనాడు." అతను అరచేతులు తిరగేసి చూసుకున్నాడు. "సేటు దేముడి ఇంటోళ్ళని పిలిపించి ఏటి సెప్పినాడో. మాకు మట్టుకు, బయటికి పొక్కితే ఫౌండ్రీ మూసేత్తారు, అందరూ రోడ్డు మీద పడతారు, దేశం ఎల్లిపోనాడని సెప్పండన్నాడు. సెప్పినాం."

కోపగించుకున్న ఆదివారాలన్నీ దాలమ్మకి ఒక్కసారి గుర్తొచ్చాయి. తిన్న కంచం ముందు నిలబడి చెప్పలేదని ఎంతమందితో అందో.

"రేకు మార్సినారా?"

"ఇటికలు మార్సుతున్నారు. రేకు అలాగే ఉంది."

"నాతో సెప్పనేదేం?"

అసిరయ్య ఆమె వైపు చూశాడు. "సెప్తే, నన్ను మట్టుకు ఎలా పంపుతావే?"

దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సగంలో ఆగిపోయిన మొక్కు గుర్తొచ్చింది. ఆ కొలిమి కాడ నా కొడుకు, అంది తను. ఆ తరవాత ఏమందో, అనలేదో. అనలేదని గట్టిగా తెలిసినా నమ్మకం చాలలేదు. లాంచీ వెనక చిన్నదైపోతున్న ఆ నల్లకొండకేసి చేతులు జోడించి, వినిపించిన కాడికి మరిచిపోమని వేడుకుంది. మొక్కిన నోటితోనే వద్దనడం ఆమెకి అదే మొదలు.

జంషెడ్‌పూర్‌ ఎప్పటిలాగే ఉంది. రైలు దిగి సీతారాండేరా చేరేసరికి లైన్లో వాళ్ళంతా చుట్టూ మూగారు. పక్కింటి సూరమ్మ, "జ్వాలాముఖి తల్లి ఎలాగున్నాదే, వరం ఇచ్చిందా?" అని అడిగింది. దాలమ్మ గవ్వలు పంచిపెట్టింది గాని, తల్లి సంగతి చెప్పలేదు. నవ్వడానికి పద్మకుమారి ఉంది కదా, అదే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చింది.

సాయంత్రం ఫౌండ్రీలో లెక్కలు రాసే మున్షీ సైకిలు మీద వచ్చి వాకిట్లో కాలు ఆనించి నిలబడ్డాడు. రేపు కొలిమి వెలిగిస్తున్నారు, తండ్రో కొడుకో ఎవరో ఒకరు పొద్దుటికల్లా ఉండాలి, లేకపోతే సేటు వేరే మనిషిని చూసుకుంటాడు, గది తాళం కూడా ఆ మనిషికే ఇస్తాడు. ఆ మాటే హిందీలో నవ్వుతూ చెప్పి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు. పొయ్యి ఊదుతూ దాలమ్మ ఒకటే లెక్క వేసుకుంది. గది వదిలేసి పోదామా? ఎక్కడికి? రేడియో దుకాణం జీతం ఇచ్చేదెప్పుడు? పోర్టుబ్లేర్‌లో అన్న ఇల్లే చిన్నది, ఆయన పిల్లలే నలుగురు. ఎటు తిప్పినా ఒకడు బయటికి రావాలంటే ఇంకొకడు లోపలికి వెళ్ళాలి.

పొద్దున ఆమె ఇద్దరికీ గంజన్నం పెట్టింది. అసిరయ్య కడుపునిండా తిని, బూట్లు తొడుక్కుని, టైరు ముక్క గట్టిగా ఉందో లేదో నేలమీద రెండుసార్లు తన్ని చూసుకున్నాడు. లేచి చూసేసరికి ఆదిబాబు కూడా ఖాకీ చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. తండ్రిదే, భుజాల దగ్గర వదులుగా ఉంది.

"ఏటిది?" అన్నాడు అసిరయ్య.

"ఆజ్ సే మై జాఊంగా." ఇవాళ్టినుంచి తనే వెళ్తానని వాడు తండ్రి కళ్ళలోకి చూడకుండా అన్నాడు. "మామా నే సబ్ బతా దియా."

మేనమామ వాడికి అంతా చెప్పేశాడట. లాంచీలో వెనక కూర్చుని అన్న మాటలు గాలికి తవిటయ్య చెవిన పడ్డాయి కాబోలు. వాడికి అన్నీ తెలిసే వెళ్తానంటున్నాడు. దాలమ్మ గడపమీద కూలబడిపోయింది. గడపమీద కూర్చోకూడదని పిల్లల్ని లేపే మనిషి ఆమే. ఇప్పుడు ఆ గుమ్మంలోంచి ఎవరు బయటికి పోవాలన్నా ఆమె లేవాలి.

"తప్పుకో దాలమ్మా," అన్నాడు అసిరయ్య.

"హటియే మా," అన్నాడు ఆదిబాబు.

ఆమె తల ఎత్తి ఇద్దర్నీ చూసింది. ఒకడి చెంపల మీద నెరిసిన గడ్డం. రెండోవాడి చెంపల మీద అప్పుడప్పుడే దట్టమవుతున్నది. ఇద్దరి గొంతులోనూ ఒకే బొంగురు. ఎవరినీ పంపనని అరవాలనుంది. అరిస్తే వినే సేటు ఇక్కడ లేడు, రేకు మార్చేవాళ్ళూ లేరు. దూరాన ఫౌండ్రీ సైరన్ మొదలైంది. దాలమ్మ చెయ్యి చాపి కొడుకు మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, మోకాళ్ళు ఒక పక్కకి ముడుచుకుంది. ఒక మనిషి పట్టేంత సందు.

అసిరయ్య ఆ సందులో అడుగుపెట్టాడు. అతని పంట్లాం ఆమె భుజానికి రాసుకుంది. అటు దాటాక ఒక్క క్షణం ఆగి ఆమె తలమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువులో కోపం లేదు. కొడుకు కాదు నువ్వే వెళ్ళన్న మాట ఇన్నాళ్ళకి ఆమె చేత అనిపించుకున్నవాడిలా, మెత్తగా, "వత్తాను," అన్నాడు.

ఆదిబాబు చెయ్యి విదిలించుకోబోయి, అమ్మ వేళ్ళు చూసి మానుకున్నాడు. లైను చివర మలుపులో బూట్ల చప్పుడు వినిపించినంతసేపు విని, ఆ తరవాత కూడా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.